మెడ లేని బాతు

కాగితం మీద వాటి పేరు హంసలే. కానీ షెడ్డులో ఎవరూ వాటిని హంసలనలేదు. చీర అంచు పొడుగునా ఒకదాని వెనుక ఒకటి నడిచే ఆ పక్షులను మొదటి రోజే అందరూ బాతులన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ బాతుల్లో రోజుకు నాలుగైదు మెడ లేకుండా పుట్టడం మొదలయ్యాక మంజులకు తిండి సయించడం మానేసింది.

మంజుల కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. చిన్నదంటే మరీ చిన్నది. మిఠాయి దుకాణం పైన రెండు గదులు, ఐదుగురు మనుషులు, పొద్దస్తమానం కింది నుంచి వచ్చే నేతి వాసన. వాళ్లు తయారుచేసేది మరమగ్గానికి బిగించే ఒక పెట్టె. వెనుకటి రోజుల్లో గుడ్డ మీద పువ్వో పక్షో తేవాలంటే చిల్లులు పొడిచిన అట్టల దండ మగ్గం నెత్తిన తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ దండ పని పెట్టె చేస్తుంది. మగ్గం చక్రం ఒక చుట్టు తిరిగితే పేక దారం ఒకసారి అడ్డంగా పడుతుంది. పక్కనున్న సెన్సరు ఆ చుట్టును చూసి పెట్టెకు కబురు పెడుతుంది. పెట్టె తన అంకెను ఒకటి పెంచి, బొమ్మలో తర్వాతి వరుసకు ఏ పోగులు లేవాలో వాటిని లేపుతుంది. చెప్పుకుంటే ఇంతే.

మొదటి పెట్టెను ఎక్కడ పెట్టి చూద్దామని కంపెనీ పెట్టిన వంశీధర్‌రావు అడిగినప్పుడు మంజుల రెండో ఆలోచన లేకుండా, "మా బాపు నడిపే సాంచ మీద పెడదాం సార్" అంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆమె తండ్రి దేవదాస్ ముప్పై నాలుగేళ్లుగా సాంచ మీదే ఉన్నాడు. ఆ షెడ్డూ సాంచలూ సొంతమైన ఆసామి హనుమండ్లు కూడా కాదనలేదు. మన గల్లీ పిల్ల చేసిన పెట్టె, మన షెడ్డులో కాక ఇంకెక్కడ పెడతారని తానే కొబ్బరికాయ కొట్టి మరీ బిగింపజేసుకున్నాడు.

నాలుగు రోజులు బాతులు చక్కగా నడిచాయి. ఐదో రోజు ఒక బాతు తల నేరుగా భుజాల మీద కూర్చుంది. ఆరో రోజు ఇంకో మూడు అలాగే తయారయ్యాయి. మంజుల భూతద్దం పెట్టి చూస్తే, అక్కడక్కడ కొన్ని వరుసలు ఎగిరిపోయాయి; ఒంట్లో పోతే కంటికి ఆనడం లేదు, సన్నటి మెడ దగ్గర పోతే మెడే లేదు. ఒకచోట రెండు, ఇంకోచోట నాలుగు. ఎక్కడా ఒకటి గానీ మూడు గానీ లేవు. అదెందుకో ఆమెకు అంతుపట్టలేదు.

తప్పు వెతకడానికి ఆమె దగ్గర డీబగ్గర్ ఉంది. అదేం మంత్రం కాదు. కంటికి అందని వేగంతో ఉరికే ప్రోగ్రామును కావలసిన చోట ఆపి, మీట నొక్కినప్పుడల్లా ఒక్క లైను మాత్రమే నడిపించి, ఆ అడుగులో ఏ అంకె ఎంతైందో చూపించే పనిముట్టు. మంజుల పెట్టెను తన టేబుల్ మీద పెట్టుకుంది. సెన్సరు బదులు ఒక బటన్ తగిలించుకుంది. బటన్ నొక్కితే పేక పడినట్టు లెక్క. మూడు రోజులు బటన్ నొక్కింది, లైను లైను నడిపింది. ఒకటి, రెండు, మూడు, వంద, వెయ్యి. అంకె ఒక్కసారైనా దారి తప్పలేదు. తెర మీది బాతులన్నీ నిక్కిన మెడలతో ఆమెను వెక్కిరించాయి.

వంశీధర్‌రావు చెడ్డవాడు కాదు. పండుగకు అందరికీ స్వీటు డబ్బాలతో పాటు ఒక రోజు అదనపు సెలవు ఇచ్చే రకం. కాకపోతే తన టేబుల్ మీద నడిచింది లోకంలో నడవకపోతే తప్పు లోకానిదే అనుకుంటాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"టేబుల్ మీద పదివేల పేకలు నడిపినం. ఒక్కటి తప్పు రాలే. ఇంక మిగిలింది ఎవరు చెప్పు. నడిపే మనిషే గదా. హనుమండ్లుకు రిపోర్టు పంపాలె. నువ్వు పరేషాన్ కాకు, ఎవరి పేరూ రాయకు. పనిచేసేవారి చేతి పొరపాటు అని రాయి, చాలు."

ఎదురు చెప్పడానికి మంజుల దగ్గర ఆధారం లేదు. అంతకన్నా ఘోరం, సార్ చెప్పేది నిజమేనేమో అన్న అనుమానం ఆమెకూ ఒక మూల ఉంది. బాపుకు యాభై ఎనిమిదేళ్లు. పోయిన దసరాకే అద్దాలు మార్చాడు. ఆమె ఆ మూడు ముక్కలూ టైపు చేసి పంపేసింది. పంపిన తర్వాత చేతులు కడుక్కోవాలనిపించింది.

పేరు రాయనంత మాత్రాన తెలియకుండా ఉంటుందా? ఆ సాంచ మీద ఉండేది ఒక్క మనిషి. హనుమండ్లు రిపోర్టును ఫోనులో రెండుసార్లు చదువుకుని, షెడ్డులో నలుగురి ముందే అన్నాడు. "దేవదాసన్నా, నీకు కండ్లు మందగించినట్టున్నయ్. సోమారం సంది జర కండెలు చుట్టే దిక్కు కూసో. సాంచ మీద మన పోరడు రంజిత్‌ను పెడత."

కండెలు చుట్టడం తక్కువ పనేం కాదు, పేకను అటూ ఇటూ మోసే నాడెలో చుట్టిన కండె లేకపోతే సాంచ ఏం నేస్తుంది? కానీ ఆ పనికి కూర్చునేది సాంచ మీద ఇక పనికిరారని తేలినవాళ్లు. దేవదాస్ భుజం మీది తువ్వాలు దులుపుకుని షిఫ్టు పూర్తి చేసి ఇంటికి వెళ్లాడు.

శనివారం పొద్దు వాలుతుండగా మంజుల వేములవాడ మీదుగా వచ్చే బస్సులో సిరిసిల్లలో దిగి ఇంటికి చేరింది. దేవదాస్ వాకిట్లో గద్దె మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చాయ్ చల్లారిపోయింది. తల్లి శంకరవ్వ గడపలో చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, "ఇద్దరు గూడ ఒక్క తీరే. నిన్నటి సంది ఆయన మాట్లాడడు. ఇగ నువ్వొచ్చినవ్, నువ్వు తినవు. నాదే తప్పు, ఇంత కూర వండుతున్న" అంది. ఎవరూ నవ్వలేదు.

దేవదాస్ కూతురి వైపు తిరిగాడు. "గా కాయిదం నువ్వే రాసినవా బిడ్డా?"

బస్సులో నలభై కిలోమీటర్లు ఈ ప్రశ్నకు జవాబు తయారుచేసుకుంటూనే వచ్చింది మంజుల. "నేనే రాసిన బాపూ" అంది.

"నా చెయ్యి తప్పని నీకు అనిపిచ్చిందా?"

"టేబుల్ మీద ఎంత దేవులాడినా తప్పు దొరకలే బాపూ. నువ్వేమన్న మధ్యల పెట్టెను ముట్టుకుంటున్నవా? వైరు గిట్ల కదులుతున్నదా?"

"నేనేం చేస్తలేను. పేక పోతాంటే చూస్తున్న, తెగితే అతుకుతున్న. ముప్పై నాలుగేండ్ల సంది చేసిందే చేస్తున్న." గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. తిట్టినా బాగుండేది.

ఆయనే మళ్లీ అడిగాడు. "దేవులాడిన అంటున్నవ్. ఎట్ల దేవులాడుతవ్?"

మంజుల ఆయన పక్కన కూర్చుని చెప్పింది. ఉరికే ప్రోగ్రామును ఆపడం, ఒక్కొక్క లైను నడపడం, ప్రతి అడుగుకూ అంకె చూసుకోవడం. దేవదాస్ శ్రద్ధగా విన్నాడు. విన్నాక తల ఊపాడు.

"గదే గద మేం సుత చేసేది. ఉరికే సాంచల తప్పు కనవడది. మోటరు బందు పెట్టి, చక్రం చేత్తోని తిప్పుకుంట, ఒక్కొక్క పేక చూసుకోవాలె. అంత మంచిగనే చేసినవ్." చల్లారిన చాయ్‌ను ఒక్క గుక్కలో తాగేశాడు. "కాకుంటె నువ్వు దేవులాడింది నీ టేబుల్ మీద. బాతు మెడ పోయింది నా సాంచ మీద."

మంజుల ఒకసారి లాప్‌టాప్ తీసుకుని షెడ్డుకు రాకపోలేదు. నిమిషానికి నూటఇరవై చుట్లు తిరిగే సాంచ ముందు ప్రోగ్రామును ఆపితే సాంచ ఎక్కడ ఆగుతుంది? ఆపినప్పుడల్లా అంతా కలగాపులగమైపోయి, ఇది అయ్యే పని కాదని తిరిగి వెళ్లిపోయింది. సాంచను కూడా ప్రోగ్రాము నడకకే నడపవచ్చని ఆమెకు తట్టలేదు.

"రేపు ఆదివారం, షెడ్డుకు సెలవు. నువ్వు చక్రం తిప్పుతవా బాపూ?"

"తిప్పుత" అన్నాడు దేవదాస్. "ముందుగాల అన్నం తిను."

పొద్దున ఎనిమిదింటికల్లా తండ్రీకూతుళ్లు షెడ్డులో ఉన్నారు. ఎనిమిది సాంచలూ నోరు మూసుకుని ఉంటే షెడ్డు పరాయి ఇల్లులా ఉంది. మంజుల నూలు సంచి మీద కూర్చుని లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుంది. పెట్టె నుంచి వైరు తెచ్చి తగిలించింది. చక్రం కబురు పెట్టగానే ప్రోగ్రాము ఆగిపోయేలా ఆ లైను దగ్గర గుర్తు పెట్టుకుంది.

పద్ధతి ఒకటి కుదుర్చుకున్నారు. దేవదాస్ చక్రం ఒక చుట్టు తిప్పి, నాడెను చేత్తోనే ఇవతలి నుంచి అవతలికి పంపి, పేకను గుడ్డకు దగ్గరగా కొట్టి, "పడ్డది" అంటాడు. ప్రోగ్రాము ఆగుతుంది. మంజుల మీట నొక్కుకుంటూ ఏడు లైన్లు దాటిస్తుంది. అంకె ఒకటి పెరుగుతుంది, పోగులు లేస్తాయి. "ఊఁ" అంటుంది. ఆయన మళ్లీ తిప్పుతాడు.

పడ్డది. ఊఁ. పడ్డది. ఊఁ. రెండున్నర గంటల్లో మూడు బాతులు పుట్టాయి. ముక్కుల నుంచి తోకల దాకా అన్నీ సలక్షణంగా ఉన్నాయి. శంకరవ్వ గిన్నెలో సర్వపిండి తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి పెట్టి వెళ్లింది. మంజులకు భయం మొదలైంది. చేత్తో తిప్పినప్పుడూ తప్పు రాకపోతే ఇక చెప్పడానికి ఏముంటుంది? రేపు పొద్దున బాపు కండెల దగ్గర కూర్చుంటాడు. ఆ కూర్చోబెట్టింది తన మూడు ముక్కలే.

"పడ్డది."

"ఊఁ." అంకె 212.

తర్వాత చక్రం కిర్రుమంది. మంజుల ఒళ్లో ప్రోగ్రాము ఆగింది. ఆమె అలవాటుగా మీట నొక్కింది, అంకె 213 అయింది. "ఊఁ" అనబోయి ఆగిపోయింది. బాపు "పడ్డది" అనలేదు.

తలెత్తి చూసింది. దేవదాస్ గుడ్డ మీదికి వంగి, తెగిన పేక దారాన్ని గోటితో లాగి పారేస్తున్నాడు. ఎడమ చెయ్యి ఇంకా చక్రం మీదే ఉంది.

"బాపూ, ఇప్పుడేం చేసినవ్?"

"నేనేం చెయ్యలే."

"చక్రం తిప్పినవ్ గదా."

దేవదాస్ తన ఎడమ చేతిని అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "ఓ, గదా. పేక తెగింది. తెగిన పేక తియ్యాలంటె ఎనుకకు ఒక చుట్టు తిప్పాలె గద. గది గూడ చేసుడేనా?"

మంజుల వేళ్ల మీద లెక్క వేసింది. గుడ్డ మీద ఒక వరుస తగ్గింది, అంటే ఇప్పుడు 211 ఉండాలి. పెట్టె లెక్క 213. తేడా రెండు. దారం తెగిన సంగతి సాంచకు తెలిసి ఆగేలోపు ఇంకో చుట్టు పోతే, రెండు చుట్లు వెనక్కి తిప్పాలి, అప్పుడు తేడా నాలుగు. ఒకటీ మూడూ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. సెన్సరుకు చక్రం తిరగడం తెలుసు గానీ, ఎటు తిరిగిందో తెలియదు. పాత అట్టల దండకు ఆ పేచీ లేదు, చక్రంతో పాటే అదీ వెనక్కి వచ్చేది. ఇక టేబుల్ మీది బటన్‌ను వెనక్కి నొక్కడం ఎవరి తరం?

ఆమె తలవకుండానే చెవుల్లో పాత చప్పుడొకటి మోగింది. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా ఈ షెడ్డుకే వచ్చి, ఇలాంటి నూలు సంచి మీదే కూర్చుని ఎక్కాలు చదువుకునేది. సాంచ టకటకలు ఆగేవి, కిర్రుమని చక్రం వెనక్కి తిరిగేది, మళ్లీ టకటకలు. తలెత్తకుండానే బాపు సాంచలో పేక తెగిందని చెప్పగలిగేది. అన్నేళ్లు విన్న చప్పుడును మిఠాయి దుకాణం మీదికి ఎక్కగానే మరిచిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

తెర మీద ఆగి ఉన్న లైనును మళ్లీ చూసింది. కబురు వస్తే అంకెకు ఒకటి కలుపు. అంతే ఉంది అందులో. పైన రాసినవారి పేరు కూడా ఉంది. మంజుల. ఒక్క పూటలో రాసింది, అందరూ భేష్ అన్నారు. సార్‌కు సాంచ సంగతి తెలియదు, ఆయన్ను అనుకుని లాభం లేదు. తనకు తెలుసు. సిగ్గుతో ముఖం వేడెక్కింది. అదే సమయంలో గుండె మీది నుంచి ఎవరో రాయి దింపినట్టు తేలికైంది. రెండూ కలిసి కళ్లలో నీళ్లు తెప్పించాయి.

దేవదాస్ కంగారుపడ్డాడు. "అంటె నా చెయ్యే తప్పు చేసిందన్నట్టా బిడ్డా?"

"కాదు బాపూ. నీ చెయ్యి చేసేదే చేసింది. నేనే నీ చెయ్యిని మరిచిపోయిన." కళ్లు తుడుచుకుంది. "గా కాయిదం రాసుడు నాది తప్పు. నిన్ను అడగకుండ రాసిన."

దేవదాస్ సర్వపిండి ముక్క తుంచి ఆమె చేతిలో పెట్టి, తానూ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

బాగుచేసే దారి పక్కనే ఉంది. మొదటి సెన్సరు చెడిపోతే పనికొస్తుందని వంశీధర్‌రావు రెండోదాన్ని కూడా చక్రం దగ్గర బిగించే ఉంచాడు. ఇన్నాళ్లూ దాని కబురు ప్రోగ్రాము విననేలేదు. రెండింటిలో ఏది ముందు చూసిందో తెలిస్తే చక్రం ఎటు తిరిగిందో తెలిసినట్టే. మంజుల అక్కడే కూర్చుని పదకొండు లైన్లు రాసింది. ఇల్లలకగానే పండుగ అవుతుందా? మొదటిసారి నడిపితే, ముందుకు తిప్పితే అంకె తగ్గింది, వెనక్కి తిప్పితే పెరిగింది. దేవదాస్ నవ్వాడు. రెండు రోజుల తర్వాత నవ్వాడు. తలకిందులుగా రాసిన లైనును ఆమె సరిచేసి, అంకె ఎంతైందో పెట్టె మీది చిన్న తెర మీద కూడా కనిపించేలా చేసింది.

ఒంటిగంటకు వంశీధర్‌రావుకు ఫోన్ చేసింది. "సార్, తప్పు ప్రోగ్రాములనే ఉంది. నేను రాసిన లైన్ల."

"టేబుల్ మీద రాలే గదా" అన్నాడు ఆయన.

"టేబుల్‌కు పేక తెగది సార్."

మొత్తం విన్నాక ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "ఫోన్ మీ బాపుకు ఇయ్యి" అన్నాడు. ఆయన ఏమన్నాడో మంజులకు వినపడలేదు. దేవదాస్ మాత్రం, "అయ్యో, గంత మాటెందుకు సార్. ఒకసారి షెడ్డుకు రాండ్రి, చక్రం తిప్పుడు చూపిస్త" అని పెట్టేశాడు.

హనుమండ్లు మూడింటికి వచ్చాడు. వట్టి మాటలు నమ్మే మనిషి కాదు. మోటరు వేయించి, జేబులోంచి కత్తెర తీసి, పరుగెత్తే పేకను తానే కత్తిరించాడు. సాంచ ఆగింది. దేవదాస్ చెయ్యి తనంతట తానే చక్రం మీదికి పోయింది, కిర్రుమని రెండు చుట్లు వెనక్కి తిప్పింది. పెట్టె తెర మీద అంకె 340 నుంచి 339కి, 338కి దిగింది. పెట్టె వచ్చినప్పటి నుంచీ దాని వైపు కన్నెత్తి చూడని దేవదాస్ ఇప్పుడు వంగి చూశాడు.

"ఇప్పుడు నా ఎంబడి వస్తున్నది" అన్నాడు మెల్లగా.

హనుమండ్లు పదిసార్లు కత్తిరించాడు. గంట తర్వాత గుడ్డ దించి బల్ల మీద పరిచి, బాతులను వేలితో ఒక్కొక్కటే తడిమాడు. ప్రతి బాతుకూ మెడ ఉంది. కత్తెర జేబులో పెట్టుకుని దేవదాస్ ముఖం చూడలేక గోడ చూస్తూ అన్నాడు.

"రేపు పొద్దుగాల జల్దీ రా అన్నా. ఈ సాంచ నువ్వు గాక ఎవరు నడుపుతరు. నలుగురి ముంగట అన్న మాటకు, నలుగురి ముంగటనే తప్పైందని చెప్త."

ఆయన వెళ్లాక మంజుల పాత రిపోర్టు తెరిచింది. మూడు ముక్కలనూ చెరిపేసి మళ్లీ రాసింది. జరిగింది జరిగినట్టు, పేర్లతో సహా. పంపే ముందు తెరను తండ్రి వైపు తిప్పింది. దేవదాస్ అద్దాలు సర్దుకుని, ఒక్కొక్క లైను కింద వేలు పెట్టుకుంటూ చదివాడు. కిందికి వచ్చేసరికి వేలు ఆగింది.

తప్పు లైను రాసినవారు: మంజుల. తప్పు కనిపెట్టినవారు: దేవదాస్.

"గిదేందే. నేనెక్కడ కనిపెట్టిన?" అన్నాడు. "నేనేం చెయ్యలే."

"నువ్వు ఎప్పుడు గట్లనే అంటవ్ బాపూ" అంది మంజుల, పంపే మీట నొక్కుతూ.